నెమ్మదిగా సాగే ఇంటి సినిమాకి రివ్యూలు చూసి నమ్మొచ్చా? సిరిమాను పండక్కి అందరం కలిసి చూడాలి

కోటవీధి టీచరమ్మ (విజయనగరం)

అందరికీ నమస్కారం. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం మాకు పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ముందు రోజు తొలేళ్ళకే చుట్టాలు దిగిపోతారు. రాజాం నుంచి ఆడపడుచు కుటుంబం, చీపురుపల్లి నుంచి మరిదిగారు, తోటికోడలు, హైదరాబాద్ నుంచి మా తమ్ముడు, పిల్లలు. మంగళవారం జనంలో నిలబడి నిలబడి అందరికీ కాళ్ళు లాగేస్తాయి. బుధవారం భోజనాలయ్యాక ఎవరికీ పనుండదు. ఆ మధ్యాహ్నం హాల్లో టీవీ ముందు అందరం కూర్చుని ఒక మంచి సినిమా చూడాలని నా కోరిక.

పోయినేడు మా తమ్ముడు ఒక పెద్ద హీరో సినిమా పెట్టాడు. పిల్లలు ఫోన్లు తీశారు, మగవాళ్ళు అరుగు మీదకి వెళ్ళిపోయారు, అత్తగారు సౌండు భరించలేక దొడ్లోకి వెళ్ళి కూర్చున్నారు. ఈసారి కొట్లాటలు లేని, మనుషులు మనుషుల్లా మాట్లాడుకునే సినిమా పెడదామని వెతుకుతున్నాను. రోజూ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక రివ్యూలే చదువుతున్నాను. చదివేకొద్దీ అయోమయం పెరుగుతోంది. ఒకే చిన్న సినిమాకి ఒకరు ఐదుకి మూడున్నర ఇచ్చారు, ఇంకొకరు రెండుంపావు ఇచ్చారు. రాసింది మాత్రం ఇద్దరిదీ ఒకటే. నటన సహజంగా ఉంది, కెమెరా బావుంది, కథనం నెమ్మది, ఓపికున్నవాళ్ళు చూడొచ్చు. ఆ ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరు దేనికి బాధపడుతున్నారు అన్నది ఒక్కరూ రాయలేదు. అది తెలియకుండా మా అత్తగారి ముందు ఆ సినిమా ఎలా పెట్టను?

ఇంకో సంగతి కూడా ఉంది. మా ఆయనకీ మరిదిగారికీ ఊళ్ళో పొలం వాటా దగ్గర తేడా వచ్చి కొన్నాళ్ళుగా మాటల్లేవు. పండక్కి వస్తారు, పక్కపక్కనే కూర్చుని తింటారు, మాట్లాడుకోరు. అందుకే విడిపోయిన ఇంటివాళ్ళ కథ 'బలగం' పెట్టమని తమ్ముడు అంటున్నాడు. నాకు ధైర్యం చాలడం లేదు. 'కేరాఫ్ కంచరపాలెం' బావుంటుందని ఒకరు చెప్పారు. 'టోక్యో స్టోరీ' అని పాత జపాన్ సినిమా పేరు కూడా విన్నాను.

ఇలాంటి సినిమాకి ఎవరి రివ్యూ నమ్మాలి, ఎలా చదవాలి? సైట్లలో సినిమాకి వేసే శాతాలు చూసుకుంటే చాలా? పదేళ్ళ పిల్లల నుంచి డెబ్భై దాటిన పెద్దావిడ దాకా కూర్చునే సినిమా ఏదైనా మీకు తోస్తే చెప్పండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

శాతాల సంగతి నేను చెబుతాను అమ్మా. రివ్యూలన్నీ పోగేసే రాటెన్ టొమాటోస్ సైట్‌లో విమర్శకుల స్కోరు 95 శాతం అని ఉంటే నూటికి తొంభై ఐదు మార్కులు వచ్చినట్టు కాదు. రాసినవాళ్ళలో నూటికి తొంభై ఐదుగురు "పర్వాలేదు, చూడొచ్చు" అన్న వైపు ఉన్నారని మాత్రమే. అందరూ ఐదుకి మూడేసి ఇచ్చినా అక్కడ నూరు శాతం రావొచ్చు. ఎవరికీ కోపం తెప్పించని మెత్తటి కుటుంబ సినిమాకి ఆ అంకె తేలిగ్గా పైకి పోతుంది. కొందరు నెత్తిన పెట్టుకుని, కొందరు తిట్టిపోసిన సినిమాకి కిందికి దిగుతుంది. మీకు నచ్చేది రెండోదే కావచ్చు. మెటాక్రిటిక్ అనే ఇంకో సైట్ పద్ధతి వేరు, వాళ్ళు మార్కుల సగటు తీస్తారు, అందులోనూ కొన్ని పత్రికలకి ఎక్కువ విలువ ఇస్తారు.

ఎంతమంది రాశారో కూడా చూసుకోండి. పదిమందే రాసిన చిన్న సినిమాకి ఒక్కడి అభిప్రాయంతో పది శాతం అటూ ఇటూ అయిపోతుంది. తెలుగు సినిమాలకి అక్కడ రాసేవాళ్ళే తక్కువ కాబట్టి ఆ అంకె మీ పనికి రాదు.

పాత ఆపరేటర్ (ఆమదాలవలస)

టీచరమ్మగారూ, నేను మన జిల్లాల్లో చిన్న ఊళ్ళ హాళ్ళలో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేసినవాణ్ణి. కార్బన్ పుల్లలు వెలిగించి రీళ్ళు తిప్పిన కాలం నుంచి డిజిటల్ వచ్చేదాకా ఆ క్యాబిన్‌లోనే ఉన్నాను. రెండు వేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాలు నడుస్తుంది. అది అయ్యేలోగా రెండో మెషీన్ మీద ఇంకో రీలు ఎక్కించి, తెర మీద కుడివైపు పైమూలలో చుక్క పడగానే మార్చాలి. మిగతా సేపు చిన్న కిటికీలోంచి చూస్తూ ఉండటమే పని. తెరని ఎంత చూశానో జనాన్ని అంతకంటే ఎక్కువ చూశాను.

నేను చూసినంతలో సినిమా నెమ్మదిగా ఉందని జనం లేచిపోరు. తెర మీద మనిషి ఎవరో, వాడికేం కావాలో తెలియనప్పుడు లేస్తారు. పెద్ద ఫైటు నడుస్తుంటే సోడాకి వెళ్ళినవాళ్ళని చూశాను. ఒక తల్లి కొడుక్కి అన్నం వడ్డిస్తూ ఏదో అడగబోయి ఆగిపోతే, హాలంతా కుర్చీ చప్పుడు కూడా లేకుండా కూర్చోవడం చూశాను. ఆ తల్లి ఏం అడగబోయిందో నేల టిక్కెట్టువాడికి కూడా తెలుసు. ఎందుకంటే అంతకు ముందు గంటసేపు ఆమెతో కాపురం చేసినట్టే ఉన్నాడు. అది తెలిసినవాడికి ఆ నిమిషం పొడుగు అనిపించదు.

అందుకని రివ్యూ చదివేటప్పుడు నేను మార్కు చూడను. మధ్యలో రెండు పేరాలు చూస్తాను. రాసినవాడు ఒక్క సన్నివేశమైనా విప్పి చెప్పాడా? ఫలానా తండ్రి ఫలానా మాట దాచాడు, కూతురికి అది ఫలానా చోట తెలిసింది, ఆ పిల్ల ఏం చేసింది అని రాశాడంటే వాడు సినిమాని మనసు పెట్టి చూశాడు. అలాంటివాడు సినిమా నచ్చలేదని రాసినా నాకు ఉపయోగమే, ఏముందో తెలుస్తుంది కదా. "ఫస్టాఫ్ పర్వాలేదు, సెకండాఫ్ ల్యాగ్, క్లైమాక్స్ ఓకే" అని రాసినవాడు ఏ సినిమాకైనా అదే రాస్తాడు. ఇంటి సినిమాకి ఆ కొలత పనికిరాదు. ఇంట్లో ఫస్టాఫ్, సెకండాఫ్ అని విడిగా ఏముంటాయి?

శుక్రవారం పొద్దుటి ఆట చూసి మధ్యాహ్నానికి రాసేసే రివ్యూలు ఉంటాయి. వాళ్ళ తప్పని నేననను, ఆ పని అలాంటిది. కానీ నెమ్మది సినిమా మనిషిలో దిగడానికి ఒక రాత్రి పడుతుంది. వీలైతే వారం తర్వాత రాసినది వెతికి చదవండి. సత్యజిత్ రే బెంగాలీ సినిమా 'పథేర్ పాంచాలీ' 1955లో కలకత్తాలో విడుదలైంది, మరుసటేడు కాన్ చిత్రోత్సవంలో బహుమతి కూడా వచ్చింది. 1958లో న్యూయార్క్‌లో ఆడినప్పుడు అక్కడి పెద్ద పత్రిక విమర్శకుడు బాస్లీ క్రౌథర్ ఏం రాశాడంటే, ఇంత వదులుగా, ఇంత నీరసంగా నడిచే సినిమా హాలీవుడ్ ఎడిటర్ల దగ్గర రఫ్ కట్‌గా, అంటే తొలి కూర్పుగా కూడా, అతి కష్టం మీద గట్టెక్కుతుందన్నాడు. అదే రివ్యూలో, అందం మెల్లమెల్లగా బయటపడుతుందని కూడా ఒప్పుకున్నాడు. జనం మాత్రం ఆ హాలుకి నెలల తరబడి వచ్చారు. ఆ పత్రికలో మొదటి సగం చదివి ఊరుకున్నవాళ్ళు ఏం పోగొట్టుకున్నారో ఆలోచించండి.

మన వైపు గొడవ ఇంకొకటుంది. చిన్న సినిమాకి మన ఊళ్ళ హాళ్ళలో రోజుకి ఒక ఆట దొరకడమే గగనం, అదీ జనం రాని వేళలో. మంచి మాట ఊళ్ళోకి పాకేలోగా సోమవారానికి తీసేసి ఇంకోటి వేస్తారు. ఆపరేటర్‌గా నేను చూస్తుండగా అలా పోయిన సినిమాలు ఉన్నాయి. చూడటానికి ఒక పెద్దాయన మంగళవారం పొలం పని చూసుకుని వచ్చి, పోస్టర్ మారిపోయిందని తిరిగి వెళ్ళేవాడు. విమర్శకుడు మొదటి రోజునే గట్టిగా, వివరంగా రాయాల్సింది ఇలాంటి సినిమా గురించే. పెద్ద హీరోకి వాళ్ళ రివ్యూతో పని లేదు.

ఇక మీరు అడిగిన వాటి సంగతి. 'కేరాఫ్ కంచరపాలెం' 2018 సెప్టెంబర్‌లో వచ్చింది. వెంకటేష్ మహా తీశారు, ప్రవీణ పరుచూరి డబ్బు పెట్టి అందులో సలీమాగా నటించారు కూడా. మిగతావాళ్ళలో ఎక్కువమంది అంతకు ముందు కెమెరా ముందు నిలబడని విశాఖ కంచరపాలెం పేట మనుషులు. ముందు సొంతంగా తీసుకున్నారు, తర్వాత రానా, సురేష్ ప్రొడక్షన్స్ చేయి వేశాక హాళ్ళ దాకా వచ్చింది. దాన్ని మెచ్చుకున్నవాళ్ళంతా సహజత్వం అన్నారు. నిజమే. నాకు అంతకంటే పెద్ద విషయం మన యాస. మన మాట సినిమాలో ఎప్పుడూ ఇంట్లో పనివాడిదో, నవ్వించేవాడిదో అవుతుంది. అందులో మన మాట మాట్లాడేవాళ్ళు ప్రేమిస్తారు, పెళ్ళికి భయపడతారు, పరువు గురించి ఏడుస్తారు. వాళ్ళని చూసి ఎవరూ నవ్వరు. మా ఆవిడ చూస్తూ చూస్తూ "ఓలమ్మా, ఈ రాజుగారు మన వీధిలో మనిషిలాగే ఉన్నాడు" అంది. దేవుడి బొమ్మ చుట్టూ చిన్నపిల్లల కథ, పెళ్ళికాని నలభై తొమ్మిదేళ్ళ అటెండర్ కథ మీ ఇంట్లో అందరికీ పడతాయి. సలీమా కథ మాత్రం పెద్దవాళ్ళది. పదేళ్ళ పిల్లలున్నారన్నారు కాబట్టి ముందు మీరొక్కరే చూడండి. ముగింపు తెలిసినవాళ్ళెవరైనా ఇంట్లో ఉంటే నోరు కట్టుకోమనండి, అది చాలా ముఖ్యం.

'బలగం' చాలా మంచి సినిమా. 2023 మార్చిలో వచ్చింది, తెలంగాణ పల్లెల్లో తెర కట్టి ఊరంతా కలిసి చూశారు. తాత పోతే కాకి పిండం ముట్టదు, ఇంట్లోవాళ్ళు ఎన్నేళ్ళ కింద విడిపోయారో, దేనికి విడిపోయారో అప్పుడు బయటపడుతుంది. అది మీ ఇంట్లో ఆ బుధవారం పెట్టొద్దు తల్లీ. మాట్లాడుకోని అన్నదమ్ముల్ని పక్కపక్కన కూర్చోబెట్టి ఆ సినిమా వేస్తే, తమని కూర్చోబెట్టి బుద్ధి చెబుతున్నారని ఇద్దరికీ తెలిసిపోతుంది. మీ మరిదిగారు మధ్యలోనే లేచి బండి తీస్తారు. వాళ్ళంతట వాళ్ళు ఎప్పుడో ఒంటరిగా చూడాలి దాన్ని.

బొబ్బిలి కుర్రోడు

మాస్టారూ, మీరు రాసింది మొత్తం చదివాను. చాలా వరకు ఒప్పుకుంటాను. ఒక్క చోట ఒప్పుకోలేను. నేను హైదరాబాద్‌లో ఎడిటింగ్ రూముల్లో అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. నెమ్మది సినిమా అనగానే విమర్శకులు జాలితో అరమార్కు ఎక్కువేస్తున్నారు. చిన్న బడ్జెట్, కొత్త దర్శకుడు, పాపం అని. దానివల్ల ఆ దర్శకుడికి నష్టమే. రాయడం కుదరని చోట నటుణ్ణి కిటికీ దగ్గర నిలబెట్టి నలభై సెకన్లు పట్టుకుంటే, దానికి "నిశ్శబ్దం మాట్లాడింది" అని రాస్తారు. ఏమీ మాట్లాడలేదండి. ఆ మనిషికేం కావాలో రాసుకోలేదు, అంతే. సహజత్వం అన్న ఒక్క మాటకింద రాత లోపాలన్నీ దాక్కుంటున్నాయి.

గొడవలేని సినిమాకి రాత ఇంకా గట్టిగా ఉండాలి. 1937లో లియో మెక్కారీ తీసిన 'మేక్ వే ఫర్ టుమారో' ఎవరైనా చూస్తే నా బాధ తెలుస్తుంది. ఇల్లు బ్యాంకుకి పోతే ముసలి దంపతుల్ని ఇద్దరినీ కలిపి ఉంచుకోవడానికి ఏ పిల్లాడికీ కుదరదు. ఆయన ఒక కూతురి ఇంట్లో, ఆవిడ కొడుకు ఇంట్లో. కోడలు ఇంట్లో బ్రిడ్జ్ పేకాట నేర్పి డబ్బు తెచ్చుకుంటుంది. హాలు నిండా ఆ ఆటగాళ్ళు ఉన్నప్పుడు ముసలాయన ఫోన్ చేస్తాడు. ఫోన్‌లో గట్టిగా అరిస్తేనే వినపడుతుందనుకునే కాలం మనిషి ఆవిడ. మొదట వాళ్ళంతా ఇబ్బందిపడతారు, చిరాకుపడతారు. చలికి జాగ్రత్త అని, వెచ్చగా ఉండమని ఆవిడ చెప్పేవి వింటూ వింటూ పేకలు దించేసి తలలు వంచుకుంటారు. ఫోన్ పెట్టేసి ఆవిడ మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, ఏడవలేదు. అయినా కోడలు తప్పో, అత్త తప్పో చెప్పలేం. ఇద్దరి అవసరమూ మనకి కనిపిస్తుంది. అదీ రాత అంటే.

ఆ సినిమాకి డబ్బు రాలేదు. సుఖాంతం చేయమని స్టూడియో అడిగితే ఆయన చేయలేదు, పారామౌంట్ ఆయన్ని వదులుకుంది. అదే ఏడాది ఆయన తీసిన కామెడీకి దర్శకుడిగా ఆస్కార్ ఇస్తే, మీరు తప్పు సినిమాకి ఇచ్చారని వేదిక మీదే అన్నాడు.

కాబట్టి టీచరమ్మగారూ, బాగా లేని చోట బాగా లేదని రాసే విమర్శకుణ్ణి వెతుక్కోండి. ఏ సీను ఎందుకు నిలబడలేదో రాసినవాడు, మెచ్చుకున్నప్పుడు నమ్మొచ్చు. ఇంకోటి. 'బలగం' చిన్న సినిమానే కానీ స్వతంత్ర సినిమా కాదు, వెనక దిల్ రాజు సంస్థ ఉంది. 'కంచరపాలెం' తీసేటప్పుడు అలాంటి అండ లేదు. రెండిటినీ ఒకే గాటన కట్టి రాసే రివ్యూలు చూస్తే నాకు కష్టంగా ఉంటుంది.

పాత ఆపరేటర్ (ఆమదాలవలస)

తమ్ముడూ, జాలి మార్కు గురించి నువ్వన్నది సబబే. నేను దాని మీద ఆలోచించలేదు, ఆలోచించాల్సిందే. కానీ ఒకటి చూడు. తప్పు పట్టడానికైనా ఆ ఇంట్లోకి వెళ్ళాలి కదా. కథ చదివేటప్పుడు మనవాళ్ళు అలాగే వెళ్ళేవారు. శ్రీకాకుళంలో కథా రచయిత కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో తెలుగు కథల లైబ్రరీ కథానిలయం పెట్టారు. అక్కడ పాత పత్రికలు తిరగేస్తుంటే కథల మీద పాఠకులు రాసిన ఉత్తరాలు కనిపిస్తాయి. "ఆ పిల్ల మేనమామకి ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది", "ఆ తండ్రి అలా అనడు, మా ఊళ్ళో అయితే ఇలా అంటాడు" అని పోట్లాడతారు. వేగం గురించి ఒక్క అక్షరం ఉండదు. మనుషుల గురించే ఉంటుంది. సినిమా మీద కూడా అలాంటి పోట్లాట కావాలి నాకు. నువ్వు ఇప్పుడు కోడలి గురించీ అత్త గురించీ రాసింది అదే.

జీడితోట (పలాస)

నేను చెన్నైలో ఉద్యోగం చేస్తాను. అమ్మానాన్న పలాసలోనే. మా వీధిలో సగం ఇళ్ళలో పెద్దవాళ్ళే ఉంటారు, పిల్లలు హైదరాబాద్, చెన్నై, బెంగళూరు. అందుకే 'టోక్యో స్టోరీ' గురించి నేను రాయాలనిపించింది.

యసుజిరో ఓజు 1953లో తీశారు. ఒనోమిచి అనే చిన్న ఊరి నుంచి ముసలి దంపతులు రైలెక్కి పిల్లల్ని చూడటానికి టోక్యో వస్తారు. కొడుకు డాక్టరు, ఆదివారం బయల్దేరదామనుకునేసరికి ఎవరికో జ్వరమని కబురొస్తుంది. కూతురికి బ్యూటీ పార్లర్. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, తీరిక లేదు. చివరికి డబ్బులు పోగేసి తల్లిదండ్రుల్ని అటామి అనే చోట హోటల్‌కి పంపేస్తారు, అక్కడ రాత్రంతా మాజాంగ్ అనే ఆట ఆడేవాళ్ళ గోలతో నిద్ర ఉండదు. యుద్ధంలో పోయిన కొడుకు భార్య నోరికో ఒక్కతే సెలవు పెట్టి వాళ్ళకి ఊరు చూపిస్తుంది. కెమెరా నేల మీద కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తులో ఉంటుంది, దాదాపు కదలదు.

దాని మీద వచ్చిన అభిప్రాయాల చరిత్ర మీ ప్రశ్నకి జవాబులా ఉంటుంది. జపాన్‌లో వాళ్ళ పత్రిక 'కినెమా జుంపో' ఆ ఏడాది రెండో స్థానం ఇచ్చింది, అంటే ఇంట్లో గౌరవం ఉంది. బయటివాళ్ళకి ఇది అర్థం కాదేమో అని కొన్నేళ్ళు దేశం దాటనివ్వలేదు. లండన్‌లో 1957లో చూపించారు, న్యూయార్క్‌లో మామూలుగా విడుదలయ్యేసరికి 1972. ఓజు 1963లోనే పోయారు. 2012లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక ప్రపంచ దర్శకుల్ని అడిగితే అన్నిటికంటే గొప్ప సినిమా ఇదేనన్నారు. అర్థం కాదనుకున్నవాళ్ళ అంచనా ఎంత తప్పు! మా నాన్న ఎనిమిదో తరగతి దాకా చదివారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్పాను. సగం అయ్యాక చెప్పొద్దన్నారు. "ఆ పెద్దాయన ఎవుల్నీ ఏటీ అనడు. అన్నీ బావున్నాయంటాడు. నానూ అంతే కదా" అన్నారు. నేను రెండు నెలలకొకసారి వెళ్ళేదాన్ని, ఇప్పుడు సెలవు దొరికితే చాలు, రైలెక్కుతున్నాను.

మీ అత్తగారికి ఇది చాలా నచ్చుతుంది. పిల్లలకి కష్టం, నలుపు తెలుపు, రెండుంపావు గంటలు. ఒకరు పక్కన కూర్చుని మాటలు చెప్పగలిగితేనే పెట్టండి.

కోటవీధి టీచరమ్మ (విజయనగరం)

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ చేతులెత్తి దణ్ణం. 'బలగం' విషయంలో నాకున్న బెరుకు సరైనదేనని తేలింది. తమ్ముడికి మాస్టారు రాసింది చూపించాను, మారు మాట్లాడలేదు.

నిన్న రాత్రి 'కంచరపాలెం' ఒక్కదాన్నే చూశాను. సలీమా భాగం వచ్చేటప్పుడు పిల్లల్ని మేడ మీదకి పంపడం మా ఇంట్లో కుదరదు, మధ్యమధ్యలో వస్తుంది కదా. అందుకని ఇలా అనుకుంటున్నాను. బుధవారం మధ్యాహ్నం పిల్లలు ఎలాగూ పెద్ద చెరువు వైపు మా తమ్ముడితో వెళ్తామంటున్నారు. ఆ సమయంలో పెద్దవాళ్ళం 'కంచరపాలెం' చూస్తాం. రాత్రి భోజనాలయ్యాక అత్తగారు, నేను, ఇంకెవరైనా ఉంటే వాళ్ళు 'టోక్యో స్టోరీ' చూస్తాం. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, మాటలు నేనే చెబుతాను.

బొబ్బిలి తమ్ముడూ, ఏ సీను నిలబడలేదో మా వాళ్ళనే అడుగుతాను. మా ఆడపడుచు భర్తకి సినిమా మీద గట్టి అభిప్రాయాలున్నాయి, ఆయన చెప్పినవి ఇక్కడ రాస్తాను. జీడితోట చెల్లీ, నోరికో మాటలు తెలుగులో ఎలా చెబితే బావుంటుంది? అత్తమామల్ని ఆమె ఏమని పిలుస్తుందో అక్కడ, మన ఇంట్లో కోడలు మాట్లాడినట్టే 'అత్తయ్యా, మావయ్యా' అని చెప్పేయనా? సినిమా మొదలయ్యేలోగా చెబితే రాసిపెట్టుకుంటాను.